ఆఖరి బస్సు లెక్క: సినిమా, కళాప్రదర్శన, చర్చ ఒకే సాయంత్రం జరపడం ఎలా

నల్గొండలోనో వనపర్తిలోనో సాయంత్రం ఆరింటికి సభ అని కార్డు అచ్చు వేస్తారు. జనం ఆరున్నరకు వస్తారు. ఏడింటికి జ్యోతి వెలిగిస్తారు, ఏడున్నర దాకా శాలువాలు కప్పుతారు. సినిమా అయ్యేసరికి తొమ్మిదిన్నర. చర్చకు మైకు అందుకునే వేళకు హాల్లో మిగిలేది నిర్వాహకులు, కుర్చీలు ఎత్తుకుపోయేందుకు వచ్చిన టెంట్ హౌస్ పిల్లలు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎప్పుడో బస్‌స్టాండ్ చేరి ఉంటారు. చర్చ ఎవరి కోసం పెట్టామో వాళ్లే లేని చర్చ అది. ప్రొజెక్టర్ చెడిపోవడం కన్నా, కరెంటు పోవడం కన్నా ఎక్కువ కార్యక్రమాలు ఇట్లాగే పాడవుతాయి.

అందుకే ఈ మార్గదర్శి బస్సు టైముతో మొదలవుతుంది. లెక్కలన్నీ 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న మామూలు హాలుకు, 120 మంది ప్రేక్షకులకు వేసినవి. మీ జాగా చిన్నదో పెద్దదో అయితే అదే నిష్పత్తిలో సర్దుకోండి.

మొదట టైము

మీ హాలుకు వచ్చే జనం ఏ ఊళ్లవాళ్లో ఒక కాగితం మీద రాయండి. ఆ దారుల్లో చివరి పల్లెవెలుగు ఎన్నింటికి కదులుతుందో డిపోలో అడగండి. ఆదివారం టైము వేరుగా ఉంటే అదీ రాసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఊళ్ల నుంచి ఆడవాళ్లు సభకు రావాలంటే అడ్డం ఇప్పుడు చార్జీ కాదు, తిరుగు బస్సు.

చివరి బస్సు 9 గంటలకు అనుకుందాం. హాలు నుంచి బస్‌స్టాండ్‌కు అరగంట వదిలితే 8:30కి అందరూ లేవాలి. చర్చకు 45 నిమిషాలు, అంటే 7:45కు మొదలవ్వాలి. నీళ్లు తాగి కూర్చోవడానికి 5 నిమిషాలు తీస్తే సినిమా 7:40కి అయిపోవాలి. 90 నిమిషాల సినిమా 6:10కి మొదలవుతుంది. దానికి ముందు 25 నిమిషాల కళాప్రదర్శన, స్వాగతం 5 నిమిషాలు, వేదిక ఖాళీ చేయడానికి 10 నిమిషాలు. కార్యక్రమం 5:30కి మొదలవ్వాలి. కార్డు మీద 5 గంటలు అని వేయండి.

రెండున్నర గంటల సినిమా ఈ లెక్కలో పట్టదు. అట్లాంటిది వేయాలంటే ప్రదర్శన ఇంకో రోజుకు మార్చండి, లేదా మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టండి. చర్చను కోసి సినిమాకు టైము ఇవ్వడం మాత్రం వద్దు. సినిమా ఒక్కటే చూడాలంటే ఎవరి ఫోన్‌లో వాళ్లకు ఉంది.

ఇంకో చిక్కు వెలుతురు. మే నెలలో మన దగ్గర పొద్దు కుంకేది 6:40 ప్రాంతంలో, పూర్తిగా చీకటి పడేసరికి 7 దాటుతుంది. డిసెంబరులో 5:45కే పొద్దు పోతుంది. పైన వేసిన టైము ఎండాకాలంలో పనిచేయాలంటే హాలును చీకటి చేసుకోక తప్పదు. ఆరుబయట అయితే మే నుంచి జులై దాకా ఏడుంబావుకు ముందు తెర మీద బొమ్మ కనపడదు. ఆరుబయట సినిమా, చర్చ రెండూ కావాలంటే చలికాలమే సరైన కాలం.

ఏ సినిమా, ఎవరి అనుమతి

మాట్లాడుకోవడానికి మన జిల్లాల్లో విషయాలకు కొదవ లేదు. పాలమూరు వలస, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాలు, 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం. ముందు విషయం అనుకుని, దానికి తగ్గ సినిమా, దానికి తగ్గ కళారూపం వెతికితే మూడూ ఒక్క తాటి మీదికి వస్తాయి. పోరాటం మీద సినిమా వేసే రోజు గొల్లసుద్దులు పెట్టండి. ప్రజాకవి సుద్దాల హనుమంతు ఆ రూపాన్ని పోరాటంలోకి తెచ్చిన నేల ఇది, మళ్లీ పరిచయం చేయాల్సిన పని ఉండదు.

అనుమతుల విషయంలో నాలుగు సంగతులు విడివిడిగా చూడాలి.

ఒకటి, హక్కులు. సీడీ కొన్నామనో ఓటీటీకి చందా కట్టామనో నలుగురికీ చూపే హక్కు రాదు, అది ఇంట్లో చూసుకోవడానికి. టికెట్ పెట్టకపోయినా ఇదే వర్తిస్తుంది. నిర్మాత దగ్గర, లేదా హక్కులున్న సంస్థ దగ్గర ఉత్తరం తీసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1960లో వచ్చిన సినిమాకు 2020 డిసెంబర్ 31తో తీరిపోయింది. కాలేజీలో విద్యార్థులకు, సిబ్బందికి, వాళ్ల తల్లిదండ్రులకు మాత్రమే చదువులో భాగంగా చూపితే అదే చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. గేటు తీసి ఊరి జనాన్ని పిలిస్తే ఆ మినహాయింపు పోయినట్టే.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఔత్సాహిక నాటక సంఘం టికెట్ లేకుండా నాటకం వేస్తే 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఆ వెసులుబాటు నాటకానికి, పాటకు, సాహిత్యానికి ఇచ్చింది, సినిమాకు కాదు. "ఉచితమే కదా" అన్న మాట నాటకం దగ్గర చెల్లుతుంది, సినిమా దగ్గర చెల్లదు.

నిర్మాత ఉత్తరంలో ఇవి ఉండేట్టు చూడండి: సినిమా పేరు, భాష, తేదీ, స్థలం, ఎన్ని ఆటలు, సుమారు ఎంతమంది, టికెట్ ఉందా లేదా, ఇచ్చే మొత్తం ఎంత, ఫైలు ఎవరు పంపుతారు, ఆట అయ్యాక దాన్ని ఏం చేయాలి. డాక్యుమెంటరీలు తీసేవాళ్లు చాలామంది అడిగితే సంతోషంగా ఇస్తారు, కొందరు చర్చకు తామే వస్తారు. నెల ముందు అడగండి. ప్రభుత్వ డాక్యుమెంటరీల కోసం జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థకు (ఎన్‌ఎఫ్‌డీసీ) రాయాలి. ఫిల్మ్స్ డివిజన్, నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్, బాలల చిత్ర సంస్థ 2022లో అందులోనే కలిశాయి.

రెండు, సెన్సార్ సర్టిఫికెట్. బహిరంగంగా చూపే ఏ సినిమాకైనా, పావుగంట డాక్యుమెంటరీకైనా, 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ ఉండాలి. దాని నకలు తీసుకుని ఫైల్లో పెట్టండి. 2023 సవరణ తర్వాత, పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గ సినిమాలకిచ్చే యూఏలో 7+, 13+, 16+ అని మెట్లు వచ్చాయి. ఆ అంకె కార్డు మీద వేస్తే పిల్లల్ని తీసుకురావాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఇంట్లోనే తేల్చుకుంటారు.

మూడు, మైకు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి మూసిన చోట్లకు ఆ రాత్రి నిషేధం వర్తించదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు, అక్కడ ఆరుబయట ఆలోచనే వద్దు. పోలీస్ స్టేషన్‌కు వారం ముందు దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు జేబులో ఉంచుకోండి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో సభకే వేరుగా అనుమతి అడగాల్సి వస్తుంది.

నాలుగు, జాగా. సినిమా చూపే స్థలానికి లైసెన్సు సంగతి రెవెన్యూ అధికారులు చూస్తారు. నెలనెలా వేసే ఆలోచన ఉన్నా, టికెట్ పెట్టాలనుకున్నా ఆర్డీవో ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

తెర, కుర్చీలు

హాలు చూడటానికి మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. తలుపులు మూసి, లైట్లు ఆర్పి, చేతిలో ఉన్న కాగితం చదవండి. అక్షరాలు కనపడితే ఆ హాలు ఇంకా చీకటి కాలేదు. కిటికీలకు నల్ల బట్ట రెండు మడతలు, అంచులకు టేపు. పైన వెంటిలేటర్లను అందరూ మరిచిపోతారు. పడమటి వెంటిలేటర్ నుంచి ఆరింటి ఎండ సూటిగా తెర మీద పడుతుంది. కుదిరితే తెరను పడమటి గోడకే కట్టండి, అప్పుడు ఆ వెలుగు తెర వెనకే ఉండిపోతుంది.

120 మందికి 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు తెర చాలు. కింది అంచు నేల నుంచి 4 అడుగులు ఉండాలి. సబ్‌టైటిళ్లు ఉన్న సినిమా అయితే నాలుగున్నర, ఎందుకంటే అక్షరాలు వచ్చేది కిందే, ముందు తలలు దాచేసేదీ అదే భాగాన్ని. పై అంచు అప్పుడు 11 అడుగులు దాటుతుంది. కప్పు, ఫ్యాన్లు అడ్డం రాకుండా ముందే కొలవండి. ఫ్యాన్ రెక్క నీడ ఆటంతా తెర మీద తిరుగుతుంటే ఎవరికీ మనసు నిలవదు.

తెల్ల గుడ్డ కడితే వెనక నల్ల గుడ్డ తప్పనిసరి, లేకపోతే సగం వెలుగు అవతలికి పోతుంది. ఫ్లెక్సీ వాడేట్టయితే మెరుపు లేనిది అడగండి. మెరిసే ఫ్లెక్సీ మీద నడిమధ్య తెల్లటి మచ్చ కొడుతుంది, పక్కన కూర్చున్నవాళ్లకు బొమ్మ మసకబారుతుంది. పైనా కిందా ఇనుప పైపు దూర్చి, నాలుగు మూలలా తాడు బిగించండి.

కుర్చీల వరసలు తెరకు 12 అడుగుల దూరంలో మొదలుపెట్టాలి. చేతుల కుర్చీ ఒక్కొక్కటి సుమారు 22 అంగుళాలు. రెండు పక్కల గోడల వెంబడి నాలుగేసి అడుగులు నడక వదిలితే వరసకు 12 కుర్చీలు, వరసకు వరసకు మధ్య 3 అడుగులు, మొత్తం 10 వరసలు. మధ్యలో దారి వదలకండి. హాల్లో బొమ్మ బాగా కనపడే చోటును దారికి ఇచ్చి జనాన్ని మూలలకు నెట్టడం ఎందుకు? పిల్లల కోసం మొదటి వరస ముందు జంపఖానా పరచండి. ఆఖరి వరసలో చక్రాల కుర్చీకి ఒక చోటు, గుమ్మం దగ్గర మెట్టుంటే ఒక చెక్క పలక. నిష్క్రమణ తలుపులకు లోపల గొళ్లెం కూడా వేయకండి, నల్ల గుడ్డతో వాటిని పూర్తిగా కప్పేయకండి.

ప్రొజెక్టర్, ఫైలు

తెర 81 చదరపు అడుగులు. ప్రొజెక్టర్ వెలుగును లూమెన్లలో కొలుస్తారు. 3,500 లూమెన్ల ప్రొజెక్టర్‌తో చదరపు అడుక్కు లెక్క ప్రకారం 43 లూమెన్లు వస్తాయి. దీపం పాతబడి, సినిమా మోడ్‌లో పెట్టాక అందులో సగం మిగులుతుంది. థియేటర్లలో పాటించే స్థాయి 16 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి చీకటి హాల్లో ఇది హాయిగా సరిపోతుంది. ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకు దొరికే బుల్లి ప్రొజెక్టర్ల డబ్బా మీద 9,000 అని ఉంటుంది. దాన్ని నమ్మకండి, ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ఏఎన్‌ఎస్ఐ లూమెన్లు ఎన్నో అడగండి. అద్దెకిచ్చేవాళ్లకు అది తెలియకపోతే, పగలు లైటు వేసి ఉన్న గదిలో మీ ఫైలే వేసి చూపించమనండి.

దూరం లెక్క సులువు. తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ పెట్టాలో చెప్పే అంకె త్రో రేషియో. అది 1.5 అయితే తెర వెడల్పు 12ను దానితో గుణించండి: 18 అడుగులు. అంటే ప్రొజెక్టర్ మూడో వరసలో పడుతుంది. కప్పుకు వేలాడదీసే ఏర్పాటు లేకపోతే మూడో వరసలో మధ్య రెండు కుర్చీలు తీసి బల్ల వేయండి, ముందు రెండు వరసల్లోనూ ఆ వెలుగు దారిలో ఉన్న కుర్చీలు తీయండి. ఆరు కుర్చీలు పోతాయి, వెనక అర వరస అదనంగా వేసుకుంటే సరి. చాలా ప్రొజెక్టర్లు లెన్సు మట్టం నుంచి బొమ్మను పైకి వేస్తాయి కాబట్టి మరీ ఎత్తైన బల్ల అక్కర్లేదు. ముందు కింద ఇటుక ముక్క పెట్టి పైకెత్తితే బొమ్మ పైన వెడల్పు, కింద సన్నం అవుతుంది. దాన్ని కీస్టోన్ బటన్‌తో సరిచేస్తే బొమ్మ పదును పోతుంది. బల్లనే జరపండి.

మామూలు హెచ్‌డీఎంఐ తీగ 30 అడుగులు దాటితే నమ్మలేం. బొమ్మ రెప్పలు కొడుతుంది, లేదా మధ్యలో నల్లబడుతుంది. లాప్‌టాప్‌ను ప్రొజెక్టర్ పక్కనే పెట్టి, శబ్దం తీగ ఒక్కటే స్టేజీ దాకా లాగడం తేలిక.

ఇక ఫైలు. మొదటి ఐదు నిమిషాలు చూసి "వస్తుంది" అనుకోవడం పెద్ద పొరపాటు. ఒకరు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా, అదే లాప్‌టాప్‌లో, అదే ప్లేయర్‌లో చూడాలి. చూసేవాళ్లు ఇవి గమనించాలి:

- పాటలు గట్టిగా, మాటలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంటే ఆ ఫైలు 5.1 శబ్దంతో, అంటే ఆరు చానెళ్లతో ఉన్నది. మాటలుండేది మధ్య చానెల్‌లో, మన దగ్గర ఉన్నది రెండు స్పీకర్లే. ప్లేయర్ సెట్టింగ్‌లో స్టీరియోకు మార్చండి. చాలదంటే స్టీరియో ఫైలే అడగండి.
- తెలుగు సబ్‌టైటిళ్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయా? సబ్‌టైటిల్ ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిలో భద్రపరచి, ఫాంటు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే అక్షరాలు బొమ్మలోనే కలిపేసిన ఫైలు చేయించండి. తెలుగుకు ఒత్తుల జాగా కావాలి కాబట్టి వరసల మధ్య ఖాళీ ఇంగ్లిష్ కన్నా ఎక్కువ ఉండాలి.
- రెండో నకలు పెన్‌డ్రైవ్‌లో. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోవాలి.

ఆ రోజు లాప్‌టాప్‌లో వై-ఫై ఆపండి, నోటిఫికేషన్లు ఆపండి, నిద్రలోకి పోయే సెట్టింగ్ తీసేయండి. ఏడిపించే సీన్ మధ్యలో అప్‌డేట్ వచ్చి తెర నీలంగా మారితే మళ్లీ ఆ మూడ్ తేలేం.

కరెంటు

ప్రొజెక్టర్ 350 వాట్లు, స్పీకర్లు రెండూ కలిపి నడుస్తున్నప్పుడు ఐదారు వందలు, స్టేజీ ఎల్‌ఈడీలు నాలుగు 400, లాప్‌టాప్, మిక్సర్ కలిపి ఇంకో 150. మొత్తం 1.5 కిలోవాట్ల లోపే. 5 కేవీఏ జనరేటర్ ఫ్యాన్లతో సహా మోస్తుంది. కూలర్లను మాత్రం వేరే ఫేజు మీద వేయండి. కూలర్ మోటారు ఆన్ అయినప్పుడల్లా స్పీకర్‌లో టప్పుమంటుంది.

జనరేటర్‌కు మారే ఆ 15-20 సెకన్లే ప్రమాదం. దీపం ఉండే ప్రొజెక్టర్ వేడెక్కి ఉన్నప్పుడు కరెంటు పోతే ఫ్యాన్ ఆగి దీపం దెబ్బతింటుంది, చల్లారేదాకా మళ్లీ వెలగదు. ప్రొజెక్టర్‌కు, లాప్‌టాప్‌కు 1 కేవీఏ యూపీఎస్ పెడితే ఈ బాధ తప్పుతుంది. స్పీకర్లను యూపీఎస్ మీద వేయకండి, అది మోయలేక అన్నీ ఒకేసారి ఆపేస్తుంది. జనరేటర్‌ను హాలుకు 60 అడుగులైనా దూరంగా, పొగ కిటికీల్లోకి రాని దిక్కున పెట్టించండి. డీజిల్ సాయంత్రం నాలుగింటికే పోయించి, పావుగంట నడిపి చూడండి. "స్టార్ట్ అయితది సార్" అన్న మాట మీద ఆధారపడొద్దు.

శబ్దం

ఆంప్లిఫయర్ లోపలే ఉండే 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు చాలు. స్టాండ్ మీద కూర్చున్నవాళ్ల చెవుల కన్నా పైకి, మూతి కొద్దిగా కిందికి వంచి, వెనక వరసల వైపు తిప్పండి. వెనక గోడకు తగిలేట్టు పెడితే ఫంక్షన్ హాళ్లలో మాట రెండుసార్లు వినపడుతుంది. బండలు, సిమెంటు గోడలు, రేకుల కప్పు, ఈ మూడూ ఉన్న హాల్లో వెనక గోడకు మందపాటి జంపఖానాలు వేలాడదీస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఖాళీ హాల్లో మోగినంత మోత జనం నిండాక ఉండదు, ట్రయల్‌లో బెంబేలు పడక్కర్లేదు. రేకుల కప్పు మీద వాన పడితే మాత్రం ఏ స్పీకరూ గెలవదు. జులై, ఆగస్టుల్లో సిమెంటు కప్పున్న హాలే తీసుకోండి.

మైకు కూత పెడితే మైకు స్పీకర్ ముందుకు వచ్చిందని అర్థం. గుయ్యిమని సన్నటి మోత ఆగకుండా వస్తుంటే లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే అది ఎర్త్ గొడవ. స్పీకర్లు, లాప్‌టాప్ ఒకే బోర్డు నుంచి తీసుకోండి, లేదా మైక్‌సెట్ వాళ్లను ఆ మోతను ఆపే డీఐ బాక్స్ తెమ్మనండి.

కళాకారులు, వాద్యాలు

ఇక్కడ నిదానంగా చదవండి. ప్రొజెక్టర్ విషయంలో పడే శ్రద్ధలో సగం కూడా చాలా చోట్ల కళాకారుల విషయంలో ఉండదు.

ముందుగా ఏ వాద్యానికి ఎంత గొంతు ఉందో తెలుసుకోవాలి. పన్నెండు మెట్ల కిన్నెర తీగల వాద్యం, దానిది సన్నటి శబ్దం. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ రావడంతో నాగర్‌కర్నూల్ కిన్నెర పేరు దేశమంతా తెలిసింది, అయినా దాన్ని సభల్లో సరిగా వినిపించేవాళ్లు తక్కువ. పాడే గొంతుకు ఒక మైకు, కిన్నెర బుర్రకు జానెడు దూరంలో ఇంకో మైకు. రెండోది వీలైతే సన్నటి శబ్దాన్నీ పట్టే కండెన్సర్ మైకు. పైన ఫ్యాన్ ఆపాలి, లేకపోతే గాలి మోతే వినపడుతుంది. నారాయణపేట దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ తెచ్చిన బుర్రవీణకూ ఇదే పద్ధతి.

డప్పుకు మైకే అక్కర్లేదు. డప్పు మోగాక కాసేపటి దాకా చెవులు కిన్నెరను పట్టుకోవు కాబట్టి వరస తప్పకుండా ఆలోచించాలి. కిన్నెర, బుర్రవీణ ముందు, డప్పు తర్వాత. లేదా డప్పును గేటు దగ్గర 5 గంటలకు, జనాన్ని పిలవడానికి. అట్లా పిలిపిస్తే స్టేజీ మీద కూడా పది నిమిషాలు ఇవ్వండి. చాటింపుకు మాత్రమే వాడుకుని లోపల చోటివ్వకపోవడం వాళ్లు మరిచిపోరు, మరిచిపోవాల్సిన పనీ లేదు.

డప్పు కాపడానికి మంట కావాలి. చలికి, వాన చెమ్మకు తోలు వదులై మోగదు. హాలు బయట, జనరేటర్‌కు దూరంగా, నాలుగు ఇటుకల మధ్య ఎండు గడ్డి, పక్కన బకెట్ నీళ్లు. ఈ జాగా ముందే చూపించకపోతే వాళ్లు పార్కింగ్‌లో బండ్ల మధ్య మంట వేసుకోవాల్సి వస్తుంది.

బుర్రకథకు ముగ్గురు, మూడు మైకులు. కథకుడు ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తాడు కాబట్టి స్టాండ్ మైకు కాక తలకు పెట్టుకునే మైకు ఇవ్వండి. ఒగ్గుకథలో ఒగ్గుడోళ్ల ముందు మాట నిలవాలంటే ప్రధాన కథకుడికీ అదే. డోలుకు దగ్గరగా మైకు పెడితే మొత్తం గజిబిజి. ఒగ్గుకథకు 16 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు స్టేజీ కనీసం. కోలాటం స్టేజీ మీద పెట్టకండి, అది నేల మీద గుండ్రంగా ఆడేది. కుర్చీల ముందు 15 అడుగుల ఖాళీ లేకపోతే ఆ రోజు కోలాటం వద్దు.

రాత్రంతా చెప్పే కథను 25 నిమిషాలకు కుదించమని స్టేజీ పక్కన నిలబడి చెప్పడం అన్యాయం. పది రోజుల ముందే కలిసి, ఏ ఘట్టం చెబుతారో వాళ్లనే ఎంచుకోమనండి. మల్లన్న కథలో ఒక్క ఘట్టం నిండుగా చెప్పడం కథంతా తరిగి చెప్పడం కన్నా మేలు. వేషం ఉన్న రూపమైతే, చిందు యక్షగానంలాంటిదైతే, రంగు వేసుకోవడానికే రెండు మూడు గంటలు. అద్దం, తెల్లటి లైటు, నీళ్లు, తలుపు మూసుకునే గది మధ్యాహ్నం రెండింటికే సిద్ధంగా ఉండాలి. ఆడవాళ్లుంటే వాళ్లకు వేరే గది.

స్టేజీ లైట్లు ముందు నుంచి, రెండు పక్కలా ఏటవాలుగా, వెచ్చటి తెలుపు. రంగులు మార్చే డీజే లైట్లు ఆపించండి. పచ్చటి వెలుతురులో ఎంత మంచి వేషమైనా వెలవెలబోతుంది.

పరిచయం చేసేటప్పుడు "ఇప్పుడు కళాకారుల బృందం" అనకుండా ఒక్కొక్కరి పేరు, ఊరు, వాద్యం చెప్పండి. పేర్లు ముందే రాసుకుని, పలకడం వాళ్లనే అడిగి సరిచేసుకోండి.

చర్చ

వేదిక మీద ఎనిమిది కుర్చీలు వేస్తే ఎనిమిది ఉపన్యాసాలు వస్తాయి. మూడే వేయండి: నడిపేవారు ఒకరు, మాట్లాడేవారు ఇద్దరు. మిగతా పెద్దలకు మొదటి వరసలో గౌరవంగా చోటివ్వండి, శాలువాలు ఆట మొదలవ్వకముందు చాయ్ దగ్గరే కప్పేయండి. ఫొటో కూడా అక్కడే బాగా వస్తుంది.

ఇద్దరిలో ఒకరు సినిమా తెలిసినవారు, ఇంకొకరు విషయాన్ని బతుకులో చూసినవారు అయితే మాట రక్తి కడుతుంది. వలస మీద సినిమా అయితే ఒకరు విమర్శకులు, ఒకరు ముంబైకో పుణెకో పోయి వచ్చిన మేస్త్రీ. తలా 6 నిమిషాలు, మొత్తం 12. మిగతా 33 నిమిషాలు జనానివి.

"సినిమా ఎట్లా అనిపించింది?" అని అడిగితే "బాగుంది" అన్న జవాబు వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. తెర మీద చూసిన ఒక్క సంగతిని పట్టుకుని అడగండి: ఆమె బిందె దించి ఎందుకు వెనక్కి చూసింది? ఆ అప్పు కాగితం మీద ఎవరి వేలిముద్ర ఉంది? నడిపేవారు సినిమా ముందే చూసి ఇట్లాంటి ప్రశ్నలు నాలుగు రాసుకోవాలి. వాడేది రెండే అయినా సరే.

మొదటి మైకు ఆడవాళ్ల వైపు పంపండి. మొదట ముగ్గురు మగవాళ్లు మాట్లాడారంటే ఆ తర్వాత ఆడవాళ్లు చెయ్యెత్తడం అరుదు. లేచి మాట్లాడటానికి జంకేవాళ్ల కోసం చీటీలు, పెన్నులు వరసల్లో తిప్పండి. మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో ఉర్దూలో అడిగేవాళ్లు ఉంటారు, నారాయణపేట వైపు కన్నడం, దేవరకొండ వైపు లంబాడీ. ఏ భాషలో వచ్చినా నడిపేవారు తెలుగులో ఒక్క వాక్యంలో తిరిగి చెప్పాలి. అందుకు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి.

కార్డ్‌లెస్ మైకులు రెండు, కొత్త బ్యాటరీలతో. మైకు మాట్లాడేవారి చేతికి ఇవ్వొద్దు, వాలంటీరే పట్టుకుని నోటి దగ్గర ఉంచాలి. ఇది చిన్న ఉపాయంగా కనిపిస్తుంది, కానీ పది నిమిషాల ప్రసంగాన్ని ఆపే మర్యాదైన పద్ధతి ఇదొక్కటే. ఒక నిమిషం అయ్యాక వాలంటీర్ అర అడుగు వెనక్కి జరిగితే చాలు, మాట దానంతటదే ముగింపుకు వస్తుంది. గొడవ రేగితే గొంతు పెంచకండి. "మీరన్నది సినిమాలో ఏ చోట కనిపించింది?" అని అడగండి. చాలా వేడి అక్కడే దిగుతుంది. 8:25కు నడిపేవారు లేచి నిలబడాలి.

ఆ రోజు

తెర, ప్రొజెక్టర్ పన్నెండింటికల్లా బిగించాలి. ఒంటిగంటకు శబ్దం ట్రయల్, మూడింటికి కళాకారుల ట్రయల్, నాలుగింటికి జనరేటర్. నాలుగున్నరకు సినిమా మొదలు, మధ్య, చివర తలా రెండు నిమిషాలు వేసి చూడాలి. నీళ్లు 20 లీటర్ల డబ్బాలు మూడు, ఎండాకాలం ఐదు. చాయ్ ఆటకు ముందే. మధ్యలో ఇస్తే పావుగంట పోతుంది, చివర్లో ఇస్తే జనం చర్చ వదిలి చాయ్ దగ్గరికి పోతారు. మరుగుదొడ్డి దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి, దాని వెలుగు తెర మీద పడకుండా చూసుకోండి.

మనుషులు ఆరుగురు చాలు: లాప్‌టాప్ దగ్గర ఒకరు (ఆట అయ్యేదాకా కదలకూడదు), లైటు స్విచ్చుల దగ్గర ఒకరు, గుమ్మం దగ్గర పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోవడానికి ఒకరు, కళాకారుల వెంట ఒకరు, మైకులతో ఇద్దరు. సినిమా అవ్వగానే ట్యూబులైట్లు ఒక్కసారిగా వేయకండి. తెర మీద చివరి పేర్లు పోనివ్వండి, ముందు స్టేజీ లైటు సగం, తర్వాత హాలు. కళ్లలో నీళ్లున్నవాళ్లు తుడుచుకోవడానికి ఆ కాసేపు కావాలి.

లేచేటప్పుడు ఏ దారి బస్సు ఎన్నింటికో ఒకసారి మైకులో చెప్పండి. ప్రొజెక్టర్ ఫ్యాన్ దానంతటది ఆగేదాకా తీగ పీకొద్దు. తీగలను మోచేతికి చుట్టి మెలిపెట్టకుండా గుండ్రంగా చుట్టండి. కుర్చీలు లెక్కబెట్టి టెంట్ హౌస్‌కు అప్పగించండి, విరిగినవి వాళ్ల ముందే పక్కన పెట్టండి. వీటన్నిటికన్నా ముందు కళాకారుల డబ్బు. ఒప్పుకున్న మొత్తంలో సగం వారం ముందే పంపి ఉంటారు కదా, మిగతా సగం, దారి ఖర్చులతో కలిపి కవరులో, వాళ్లు అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే చేతికివ్వాలి. వాళ్లదీ అదే బస్సు.